పది ఎరుపులు

ముప్పై ఎనిమిది మంది.
చూపుడువేలంత లేరు ఒక్కొక్కరూ.
పాత మందుసీసాల మూతల మీద నిలబెట్టి
పాదాలకి బంక పూసి అతికించాను,
కదలకుండా కవాతు చెయ్యమని.

ఓలోమోత్స్‌లో మా వంటింటి కిటికీకి
మధ్యాహ్నం రెండు దాటితేగానీ వెలుగు రాదు.
నాలుగింటి ట్రాము మలుపు తిరిగేటప్పుడు
బల్ల అదురుతుంది.
ఆ కాసేపూ కుంచె గాల్లోకెత్తి పట్టుకుంటాను.

నలభై ఏళ్ళు పళ్ళు కట్టినదాన్ని.
మైనం, పింగాణీ, తీగ, నిప్పు.
ట్రంపెట్ ఊదే ఒకాయనకి
ముందు పళ్ళు రెండు చేసిచ్చాను ఒకసారి.
వెంట్రుకవాసి ఎత్తయ్యాయని
మూడుసార్లు తిరిగొచ్చాడు.
"పై స్వరం దొరకట్లేదమ్మా" అన్నాడు,
తాళంచెవి పారేసుకున్నవాడిలా.

ఇప్పుడీ తగరపు మనుషులకి బుగ్గలు దిద్దుతున్నాను.
ఊదేవాళ్ళకి గులాబీ చుక్క పెద్దది,
కళ్ళ కింద కాస్త నీడ.
తాళాలవాడికి ఏమీ అక్కర్లేదు, సుఖపురుషుడు.
పెద్ద డోలుకి ఓ బండి,
బండికి ఓ పొట్టి గుర్రం.
దానికి పాటంటే బరువు, అంతే.

కోటు ముదురు నీలం. అందులో పేచీ లేదు.
పేచీ అంతా కాలర్ దగ్గర.
ఆ చక్రవర్తి సైన్యంలో పటాలానికో రంగు,
అందులో ఎరుపులే పది.
గులాబీది, పాలిపోయినది, ఉడికిన పీతది,
చెర్రీది, మంజిష్ఠ వేరుది, ద్రాక్షసారాది...
ఎనిమిది దాకా లెక్కపెట్టగలను.
మిగతా రెండిటికీ తేడా
దర్జీలకి తెలిసుండాలి,
లేదా జీతం కోసేవాళ్ళకి.

మెతోదెయ్ ముత్తాత ఫొటోలో
అన్నీ బూడిదే.
వెనక రాసిన పటాలం నంబరు
మా అమ్మ ఆల్బమ్‌లోంచి పీకినప్పుడు
జిగురుతో పాటు అట్టకే ఉండిపోయింది.
మూడో వరుస, ఎడమ నుంచి రెండో మనిషి,
చేతిలో ఫ్లూగెల్ హార్న్,
టోపీకి ఓక్ ఆకుల రెమ్మ. అంటే ఎండాకాలం.
చలికాలమైతే ఫర్ చెట్టు రెమ్మ గుచ్చేవారట.
నాకు ఖాయంగా తెలిసిన రంగు
ఆ ఆకు ఒక్కటే.

గలీషియాలో వాద్యాలు సామాను బళ్ళకెక్కాయి,
వాద్యగాళ్ళ చేతుల్లోకి స్ట్రెచర్లు వచ్చాయి.
ఆయన తిరిగొచ్చాడు.
పై పెదవి సగం రాలేదు.
తర్వాత తూకాల ఆఫీసులో ఇరవై రెండేళ్ళు.
ఇంట్లో ఎవరైనా ఈల వేస్తే
లేచి పెరట్లోకి వెళ్ళేవాడట.
ఇంతకు మించి కథ లేదు మా దగ్గర.

పై అంతస్తు క్రిష్తోఫ్, తొమ్మిదేళ్ళవాడు,
గడ్డం బల్లకానించి చూశాడు చాలాసేపు.
"ఏ ఎరుపో తెలీకపోతే తలో ఎరుపూ వేసెయ్."
మరి క్రమశిక్షణో, అన్నాను.
"ఎవరు చూస్తారు?"
నిజమే.
దండం తిప్పే వాళ్ళ పెద్దకి
నేనింకా కళ్ళు పెట్టలేదు.

వేశాను. రెండు వారాలు పట్టింది.
ఆదివారం చర్చి మెట్ల మీద
బంధువులు నిలబడ్డట్టున్నారు,
ఒకరి ఛాయ ఒకరికి కలవకుండా,
ఒకే ఇంటివాళ్ళని ఇట్టే తెలిసిపోతూ.

ఆయన బొమ్మ చివరికి మిగిలింది.
పోస్టులోనే హార్న్ విరిగి వచ్చింది.
నా సొరుగులో ఓ బంగారు తొడుగు ముక్క ఉంది,
డబ్బు కట్టి తీసుకెళ్ళడానికి
మళ్ళీ రాని ఎవరి పన్నుదో.
కరిగించాను. ఆవగింజంత గొట్టం,
దానికో పువ్వు మూతి.
ముప్పై ఎనిమిదిలో రంగు కాని మెరుపు
అదొక్కటే.

కాలర్‌కి, గిన్నె అడుగున
అన్నీ కలిసి మిగిలిన ఎరుపు.
పెదవి మీద మచ్చ పెట్టలేదు.
ఫొటోలో లేదు, ఆ ఎండాకాలానికి ఇంకా రాలేదు.

ఇక తడి ఆరాలి.
మూత పట్టుకుని ముఖానికి దగ్గరగా తెచ్చి
పెదవులు ముందుకు చాపి
మెల్లగా ఊదాను.
పువ్వు మూతిలోంచి లోపలికి,
ఎదురుదారిన,
ఎంత పోయిందో గాలి.

ట్రాము ఇంకా రాలేదు.
బల్ల ఎందుకో అదిరింది.