ఇరవై ఎనిమిది రోజులు

మింట్ స్ట్రీట్ మేడ మీద
గుణశేఖరన్ గదిలో మూడు సంతకాలు పెట్టి కిందికి దిగేసరికి
నా ఖాతాలో ఇరవై మూడు లక్షలు.

చుట్టంలా వచ్చింది డబ్బు.
చెప్పులు విప్పలేదు, మంచినీళ్లు ముట్టలేదు,
రోజువారీ వడ్డీ మాత్రం
మా అన్నయ్య జీతంలోంచి తింటోంది.

రాత్రి డ్యూటీ నుంచి వస్తూ పెరంబూర్ ఏటీఎంలో
ఊరికే నిల్వ చూసుకునేదాన్ని.
"డబ్బు రాలేదామ్మా?" అడిగాడు వాచ్‌మన్.
"ఉంది."
"ఉంటే తీసుకోవేం?"

పదకొండో రోజు
వదిన స్కానింగ్‌కి పద్దెనిమిది వందలు తక్కువయ్యాయి.
లెక్కకి ఒక్క రూపాయి తగ్గినా
మళ్లీ ఒకటో రోజు నుంచే అన్నాడు ఏజెంటు.
వదిన నా వంక చూడలేదు.
నేనే క్యాలెండర్ వంక చూశాను.

ఇరవై తొమ్మిదో పొద్దున
మేనేజరు ముద్ర గట్టిగా గుద్దాడు,
ఈమె పేరున ఇంత ఉన్నది నిజమని.
సాయంత్రానికి చుట్టం వెళ్లిపోయింది.
నాలుగు వందల పన్నెండు మిగిలాయి. అవి మావే.

ఫైల్లో కాగితాలన్నీ వరసగా కుట్టాను.
వంటింట్లో వదిన
పోపు పొగకి తుమ్మింది,
ముక్కుపుడక ఉండే చోట
చీపురుపుల్ల జారకుండా వేలితో అదిమిపట్టి.