జర జరుగు

బొచ్చె చేప గుడ్లు స్టీలు టిఫిన్లో తెచ్చిచ్చాడు ఓదెలు,
ప్రాణహిత నీళ్ళతో సహా.
"తెల్లారేదాక బతుకుతయి సారూ, నీళ్ళు మార్చుండ్రి"
అని, పైసలు లెక్కపెట్టకుండానే పోయాడు.

సిరోంచ కాలేజీలో నడిచే మైక్రోస్కోపు ఒక్కటే.
కరెంటు లేదు.
సెల్‌ఫోను లైటే దాని కింద సూర్యుడు.

ముందు కన్ను పెట్టింది సగుణ.
ఇంటిపేరు ఆత్రం, మనిషిలో మాత్రం అది లేదు.
చాలాసేపు చూసి అంది:
"కదులుతున్నయి సార్. కానీ ఎక్కడా చిరుగు పడుతలేదు."

సొన మీద కప్పిన తడిబట్ట కిందికి దిగుతోంది.
అంచుల్లోని కణాలు నడుమకు నడిచి,
ఉన్నవాటి సందుల్లో దూరి,
వెడల్పును పొడుగ్గా మారుస్తున్నాయి.
రేపు అదే వెన్ను.

మా అద్దానికి అంత చూపు లేదు. మిగతాది బోర్డు మీద గీశాను:
నాలుగు కణాలు. రెండింటి మధ్య ఉమ్మడి గోడ.
ఆ గోడ కురచవుతుంది, ఇంకా కురచవుతుంది,
చుక్కవుతుంది.
ఒక్క లిప్త, నలుగురికీ కలిపి ఆ చుక్కే.
మళ్ళీ అదే చుక్క అడ్డంగా సాగి
ఎడంగా ఉన్న ఇద్దరికీ కొత్త గోడ.
సరిహద్దు మారింది.
ఏ క్షణానా ఎవరూ ఒంటరి కాలేదు.

"ఆహేరి జీపు లెక్క," అంది సగుణ.
"జిమలగట్ట కాడ ఒక ముసలామె ఎక్కుతది,
జర జరుగు బిడ్డా అంటది.
డ్రైవరు మరాఠీల అరుస్తడు.
మా అమ్మ గోండిల గూడ ఏమనది,
మోకాలు పక్కకు తీస్తది, అంతే.
దిగేసరికి నా భుజం మీద నిద్రపోయేది
వేరే మనిషి.
ఎప్పుడు మారిండ్రో తెల్వదు సార్,
నడుమ గాలి గూడ దూరలే."

పిల్లలు నవ్వారు. నేను రాసుకున్నాను.

ఒకటి చెప్పడం మరిచాను, ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది.
ఆ పట్టుకి కాల్షియం కావాలి.
నీళ్ళలోంచి అది తీసేస్తే
చేతులన్నీ వదిలి
జొన్న గింజల్లా రాలిపోతాయి, ఒక్కొక్కటీ, విడిగా,
కాసేపు బతికే ఉండి.

అంతకు ముందు, లైటు మసకబారే వేళ,
నేనూ చూద్దామని బల్ల దగ్గరికొచ్చి
"జర జరుగు" అన్నాను.
సగుణ జరిగింది.
ఫోకస్ మర మీది వేలు మాత్రం
నా వేలు వచ్చి తగిలేదాకా
తీయలేదు.