ఇందుమతికి, హాలు తాళంచెవితో పాటు

ఇందుమతీ,
ఇదిగో ట్రైనింగ్ హాలు తాళంచెవి.
ప్రొజెక్టర్ మొరాయిస్తే ఎడమ పక్క ఒక దెబ్బ వెయ్యి, పలుకుతుంది.
అల్మారాలో పదకొండేళ్ల హాజరు పుస్తకాలున్నాయి.
ఏ పేజీ తిప్పినా సంతకాలు నిండుగా ఉంటాయి.
వాటిని నమ్మొద్దు.

నేను నమ్మినాను.
ఎర్రగుంట్ల ఎండలో రాతిపొడి మింగి వచ్చినోళ్లను
ఏసీ గదిలో ఆరు గంటలు కూర్చోబెట్టి
ఒక్క పొద్దులో అరవై నాలుగు స్లైడ్లు కుమ్మరించినాను.
బెల్టు ఆపు. స్విచ్చికి తాళం వెయ్యి.
నీ పేరున్న చీటీ కట్టు.
బటన్ నొక్కి చూసి, కదలకపోతేనే చెయ్యి పెట్టు.
సాయంత్రం పరీక్ష.
క్రషర్ దస్తగిరికి ఇరవైకి పంతొమ్మిది.
ఉగ్గాని, బజ్జీ, చప్పట్లు, ఫోటో.

ఇరవై మూడో రోజు
క్యాంటీన్లో కరెంటు పోయి, ఊరికే క్రషర్ దిక్కు నడిచినాను.
దస్తగిరి రోలర్ సందులో ఇరుక్కున్న రాయిని పెరుకుతున్నాడు.
బెల్టు ఆగింది. తాళం లేదు.
చీటీ అతని జేబులోనే, నాలుగు మడతల్లో.
అటు చివర ఎవరో కొత్త పిల్లోడు
ఆకుపచ్చ బటన్ మీద వేలుంచి
"అన్నా, ఎయ్యల్నా?" అంటున్నాడు.

నా గొంతులో అంత అరుపుందని నాకూ తెలీదు.
చెయ్యి బయటికి తీసి, సిగ్గుపడి,
నన్ను ఓదార్చినట్టు దస్తగిరి అన్నాడు:
"ఆ పొద్దు మాత్రం శానా బాగా చెప్పినారు సార్."

ఆ మెప్పు ఇంకా దిగలేదు నాకు.

మీది వేంపల్లె పక్క.
శెనక్కాయ చేను గురించి నీకు నేను చెప్పేదేముంది.
పూత పైనే పూస్తుంది, పసుప్పచ్చగా, దోవన పోయేవాళ్లకూ కనబడేట్టు.
కాయ మాత్రం మట్టిలో.
నడుమ ఊడ దిగాల.
నేల బిగుసుకుంటే ఊడ తల వంచి, తాకి, అక్కడే ఎండిపోతుంది.
విత్తిన నాటి వాన ఎంత పెద్దదైతే ఏం,
ఊడ దిగే పొద్దుకు ఇంకో చిన్న వాన కావాల.
నేను పూత చూసి చప్పట్లు కొట్టించినోణ్ని.

అప్పట్నుంచి ఆ ఒక్క రోజును ముక్కలు చేసినాను.
హాల్లో గంటన్నర, అంతే.
మూడో రోజు బెల్టు పక్కనే నిలబడి నాలుగు నిమిషాలు.
పదో రోజు ఒకసారి.
నెల దాటి, నన్ను మర్చిపోయినాక ఇంకోసారి.
పోయి చెప్పను, అడుగుతాను.
"మొదట ఏం చేస్తావు?"
అడిగి నోరు మూసుకుంటాను.

అదే కష్టం, ఇందుమతీ.
వాళ్లు తల గీరుకుని వెతుక్కుంటుంటే
మన నాలిక దురద పెడుతుంది.
ఓర్చుకో.
సగం మర్చిపోయి, తడుముకుని తెచ్చుకున్న మాటే వాళ్లదవుతుంది.
మనం అందిస్తే మనదిగానే ఉండిపోతుంది.

షిఫ్టు ఇన్‌ఛార్జి గంగిరెడ్డి "ప్రొడక్షన్ పోతాంది" అని గొణుగుతాడు,
నాలుగు నిమిషాలకు ఎన్ని టన్నులో లెక్క కట్టి చూపిస్తాడు.
చూపించనీ.
ఒక పొద్దు ఆ ప్రశ్న అతన్నే అడగమన్నాను.
సగం తగ్గినాడు. మిగతా సగం నీ వంతు.

అన్నీ కుదిరినాయని అనుకోవద్దు.
ప్యాకింగ్‌లో మాస్కుల సంగతి నా చేత కాలేదు.
ఓబుళమ్మ ఇప్పటికీ ముక్కుకు కొంగే చుట్టుకుంటుంది.
మూడేళ్లు చెప్తూనే ఉన్నాను,
ఎందుకమ్మా అని ఒక్కనాడూ అడగలేదు.
నువ్వు అడుగు.

పోయిన మంగళవారం
స్తంభం చాటున నిలబడి చూసినాను.
దస్తగిరి ముందర ఇంకో కొత్త పిల్లోడు.
"మొదట ఏం చేస్తావురా?"
పిల్లోడు బెల్టు చూసినాడు, స్విచ్చి చూసినాడు, ఆకాశం చూసినాడు.
దస్తగిరి దవడ బిగించుకున్నాడు.
నాలిక దురద నాకు ఇక్కడికే తెలుస్తోంది.
చాలాసేపటికి
పిల్లోడి చెయ్యి జేబులోకి పోయి తాళంతో బయటికొచ్చింది.

వాళ్లు నన్ను చూడలేదు.
నేనూ పలకరించలేదు.

తాళంచెవి ఒకటే ఉంది, డూప్లికేట్ చేయించుకో.
హాలు మాటిమాటికీ తెరవాల్సిన పని
నీకు పడకూడదనే అనుకుంటున్నాను.