ఇతరములు

పురానాపూల్ మీద మూడు రోజులు
నిలబడి లెక్క రాయమన్నారు.
అచ్చేసిన ఫారం, అట్ట, దారంతో కట్టిన పెన్ను.
బస్సులు, లారీలు, కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు.
చిట్టచివర గోరంత గడి:
ఇతరములు.

తెల్లవారి అయిదు.
ముందు మూసీ వాసన లేచింది,
ఆ తర్వాత మనుషులు.
బస్సులు సున్నా. లారీలు సున్నా.
పుదీనా మూట నెత్తిన అంజవ్వ.
ఇతరములు, ఒకటి.
సానరాయి బిగించిన సైకిలు మీద జాఫర్.
ఇతరములు, రెండు.
సైకిలుకీ చక్రాలు రెండే కదా సార్ అని ఫోన్ చేస్తే
"ఇంజనుందా?" అన్నాడు సూపర్‌వైజరు.
జాఫర్ మోకాళ్ళ వైపోసారి చూసి
లేదు సార్ అన్నాను.

ఏడింటికల్లా గడి నిండిపోయింది.
అయిదేసి గీతల కట్టలు పక్కకి ఒరిగి
కార్ల ఖాళీలోకి కాలినడకన వెళ్ళి కూర్చున్నాయి.

కింద కమాను చంకలో, పరంజా మీద
సత్తార్ మేస్త్రి డంగు సున్నం మెత్తుతున్నాడు.
బెల్లం నీళ్ళు, మినప్పిండి, కరక్కాయ కషాయం.
బాలింతకు మందు నూరినంత శ్రద్ధ.
కుండ బేరమాడేవాడిలా
రాయిని వేలి కణుపుతో కొట్టి చెవి ఆనిస్తాడు.
"బరువంటే దీనికి భయం లేదు బేటా,
ఏనుగులను మోసింది.
వణుకంటేనే భయం.
ఇంజను నిలబడి గూడ వణుకుతది.
మనిషట్ల కాదు. అడుగేస్తడు, తీస్తడు.
ఆ నడుమ సందుల రాయి దమ్ము తీస్కుంటది."
కమానులెన్ని చాచా అంటే
పొద్దున ఇరవై రెండన్నాడు,
మధ్యాహ్నం ఇరవై మూడు.

రెండో రోజు తగాదా.
స్కూలు పిల్ల నౌషీన్ బ్రేకు పడక
పుదీనా కట్టల మీంచే దూసుకుపోయింది.
"నడిచేటోళ్ళు కండ్లకు ఆనరా నీకు?"
"గంట కొట్టిన కదా అవ్వా!"
అందరం వంగి ఏరాం. జాఫరూ, నేనూ,
అటుగా పోతున్న పాలాయనా.
సత్తార్ మేస్త్రి పైకొచ్చి, మిగిలిన సున్నంతో
ఈ కొస నుంచి ఆ కొసకి గీత గీశాడు.
ఇటు చక్రాలు, అటు పాదాలు.
అందరూ సరేనన్నారు.

మర్నాడు సరిగ్గా గీత మీదే
అంజవ్వ గంప.
"రెండు దిక్కుల బేరం" అంది, నీళ్ళు చిలకరిస్తూ.
నౌషీన్ గంప ముందు దిగింది,
సైకిలుని చేత్తో నడిపించింది,
దాటాక మళ్ళీ ఎక్కింది.
దిగి నడిపించేవాళ్ళని ఏ గడిలో వేయాలి?
ఫోన్ తీశాను.
మళ్ళీ జేబులో పెట్టేశాను.

సాయంత్రానికి ఫారం వెనక తెల్లవైపు కూడా
చీమల బారులా నల్లబడింది.
ఆఫీసులో ఎవరూ తిప్పి చూడలేదు.
బస్సులెన్ని?
సున్నా.
లారీలు?
సున్నా.
"అయితే వంతెన ఖాళీయేనన్నమాట"
అంటూ ముద్ర గుద్దారు.

కాయితం అందుకోబోయిన నా వేళ్ళకి
ఇంకా పుదీనా వాసన.