విరిగిన బ్లేడ్ల లెక్క

మా ఫిట్టర్ షాపులో స్టాకు రిజిస్టరు వెనక అట్ట మీద
ఇంకో లెక్క ఉండేది.
హాక్సా బ్లేడు విరిస్తే ఇరవై రూపాయల జుర్మానా,
ఎర్ర సిరా, నా చేతిరాతే.
పోయినేడు మొత్తం మూడే పేర్లు.
ప్రిన్సిపాల్ మెచ్చుకున్నాడు,
నేనూ మీసం దువ్వుకున్నాను.

ఆ ఏడే ప్రాక్టికల్ పరీక్షలో
ఇరవై ఒక్క మందిలో పద్నాలుగు మంది తప్పారు.
ముక్కలో ముక్క కూర్చోలేదు.
మూలమట్టం పెట్టి కిటికీకేసి ఎత్తి చూస్తే
ప్రతి అంచు కిందా తెల్లటి గీత,
తలుపు సందులో తెల్లారినట్టు.
"పిల్లలకు చెయ్యి తిరగదు సార్" అన్నాను మీటింగులో.
అందరూ తలలూపారు. చాయ్ వచ్చింది.

ఎండాకాలం నన్ను జీడిమెట్లకు పంపారు,
పదిహేను రోజుల ట్రైనింగు,
కంప్యూటరుతో నడిచే లేత్ ముందు.
నేర్పేదెవరా అని చూస్తే బాలమణి.
మా దగ్గర చదివిన పిల్లే,
పాత రిజిస్టర్లో రెండుసార్లు ఎర్ర సిరా తిన్న పేరు.

పచ్చ బటన్ మీద నా వేలు ఆగిపోయింది.
ముప్పై లక్షల మిషను.
టూలు గుద్దుకుంటే? ఎవరైనా చూస్తుంటే?
ఆ వేలిని నేనెరుగుదును,
ఏడాదంతా మా పిల్లల చేతుల్లో చూసిన వేలే,
అప్పుడు దానికి నేను పెట్టిన పేరు బద్ధకం.

"నొక్కుండి సార్, మైనం ముక్క బిగించిన,
తాకినా ఏం గాదు."
తాకింది. మైనం మీద ఇంత లోతు గాటు.
ఆమె నవ్వలేదు, కసరలేదు.
స్టూలు లాక్కొని పక్కన కూర్చొని
"యాడ తప్పిందో మీరే చెప్పుండి" అన్నది.
ముప్పావు గంట పట్టింది నాకు, చెప్పడానికి.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తూ తనే అన్నది,
కోపం లేకుండా, ఎవరి సంగతో చెప్పినట్టు:
"ఇరవై రూపాయలంటే మౌలాలి నుంచి
రెండ్రోజులు నడిచొచ్చుడే సార్.
అందుకే రంపాన్ని ఇనుముకు
తాకీ తాకనట్టు రుద్దేటోళ్లం.
బ్లేడూ ఇరగలే.
ఇనుమూ తెగలే."

కొత్త బ్యాచి వచ్చిన రోజు
రాణీగంజ్ పోయి వంద బ్లేడ్ల డబ్బా కొన్నాను, నా జేబులోంచి.
స్టోరు ఖలీల్ పాషా గొణిగాడు,
"ఆడిట్ల ఎవడు జవాబు చెప్తడు సాబ్?"
అట్ట మీద ఆఖరి వరుసలో నా పేరు రాశాను.
ఎంత అని రాయాలో తోచక
ఆ గడి అట్లాగే వదిలేశాను.

మొదటి వారం ముప్పై ఒకటి విరిగాయి.
టప్పున చప్పుడు, వెంటనే షాపంతా నిశ్శబ్దం,
ఇరవై తలలు నా దిక్కు.
నా నాలుక కొసన పాత తిట్టు సిద్ధంగానే ఉంది,
ఒకట్రెండుసార్లు జారింది కూడా.
మిగతాసార్లు అడిగాను: ఎందుకు విరిగింది?
"తెల్వదు సార్" అన్నారు మొదట.
తర్వాత్తర్వాత
"పండ్లు ఎన్కకు పెట్టిన."
"వంకర పట్టిన, సక్క చేద్దామని గుంజిన."
"పాత కోతల కొత్త బ్లేడు దించిన సార్, ఇరుక్కున్నది."
ఈ మూడో సంగతి సిలబస్‌లో ఉంది, నలభై రెండో పేజీ,
పద్దెనిమిదేళ్లుగా బోర్డు మీద నేను రాసి తుడిచిందే.

ఆరో వారానికి నాలుగే విరిగాయి.
పరీక్ష ఇంకా దూరం, ఏమవుతుందో చెప్పలేను.
ఇద్దరు మానేశారు, ఒకడు డెలివరీ బండెక్కాడు,
వాణ్ణి ఆపే బ్లేడు ఏ దుకాణంలోనూ లేదు.

నిన్న సాయంత్రం బెల్లు కొట్టినా
ఐలేష్ వైసు దగ్గరే ఉన్నాడు.
గోళ్లలో ఇనుప రజను, చెవి మీద చాక్‌పీసు.
ముక్క తీసి, మూలమట్టం ఆనించి,
ఒంటి కన్ను మూసి కిటికీకేసి ఎత్తాడు.
"ఈ మూలకు ఇంకా ఎలుగొస్తుంది సార్."
నేనింకా చూడనే లేదు.
వాడప్పటికే ముక్కను మళ్లీ బిగించి
ఆకురాయి అందుకున్నాడు.