ముడి

నాకు ముఖాలు సరిగా గుర్తుండవు.
అకార్డియన్ వాయించేవాడి చూపంతా కాళ్ళ మీదే.
స్మోల్యన్‌లో, పాత పోస్టాఫీసు మేడ మీద,
ప్రతి గురువారం ఇరవై రెండు కాళ్ళు.
పదకొండు మంది. బేసి.

ఆ మిగిలిన జత కొత్తది.
రూసే నుంచి వచ్చింది, డాన్యూబ్ ఒడ్డు పిల్ల.
మా కొండల చలికి మడమలు పగిలాయి.
గొలుసులో చివర నిలబడుతుంది,
ఒక చేతిలో ఎవరిదో చెయ్యి,
రెండో చేతిలో తన స్కర్టు అంచు.

"స్నేహం చెయ్యండర్రా" అని
రాద్కా టీచర్ ఎన్నడూ అనలేదు.
చెబితే అయ్యే పనా అది?
ఆ రోజు మాత్రం తోలు చెప్పులు పంచుతూ అంది:
"ఎవరి వార్లు వాళ్ళు కట్టుకోకూడదు.
పక్కవాళ్ళకి కట్టండి."

సణుగుళ్ళు.
తర్వాత నెవెనా, ఎవర్నీ లెక్కచెయ్యని నెవెనా,
కొత్త పిల్ల ముందు మోకాలు వంచింది.
పిక్క చుట్టూ వారు తిప్పుతూ
"బిగుసుకుందా?"
"ఊహూ."
అబద్ధం. వారు కింద చర్మం తెల్లబడటం
నేను చూశాను.

రెండు, రెండు, మూడు: మా ఆట నడక అది,
చివర కాస్త కుంటుతుంది.
ఆ మూడుని ఇవాళ కొంచెం సాగదీశాను,
తూలేవాళ్ళు పక్కవాళ్ళని పట్టుకునేంత.
టీచర్ ఉరిమి చూసింది; ఏమీ అనలేదు.

క్లాసయింది. ముడి ఊడలేదు.
మెట్ల మీద ఇద్దరూ,
ఒకరు పళ్ళతో, ఒకరు పిన్నుతో,
నవ్వాపుకోలేక.
తాళంచెవి జేబులోనే ఉంచుకుని
నేను మళ్ళీ పెట్టె తెరిచాను,
తుడవాల్సిన మీటలేవో ఉన్నట్టు.