బియ్యం మీది ఆవిరి

శుక్రారం నాలుగున్నరకు
క్యాంపు గేటు కాడి కుక్క సుత లేవదు.
నేను లేస్త.
లింబాద్రి దుప్పట్ల నుంచే అంటడు,
"పోతున్నవా, గాలి పట్టుకచ్చెటందుకు?"

అల్‌ఖోర్ దాటి థఖీరా తొవ్వల
సముద్రం సగం నీళ్లు సగం బురద అయ్యేకాడ
మడచెట్లు.
ఉప్పు తాగి బతికే చెట్లు ఇవి.
ఓపాలి ఆకు నాకి చూసిన,
మా బనీన్ల లెక్కనే తెల్లగ ఉప్పు తేలింది.
ఊపిరి కోసం వేర్లను పైకి పంపుతయి,
బురదల నుంచి వేళ్ల లెక్క లేచి నిలబడ్డయి.

నా వేళ్ల సంగతి వేరే.
పదకొండేండ్లు ఇనుప కడ్డీలకు వైరు ముళ్లేసిన చేతులు.
ప్లయరుతోని ఒక మెలిక, ఇంకో మెలిక, తెంపు.
దినానికి ఎన్నో లెక్కబెట్టుడు ఎప్పుడో మానేసిన.
నిద్రల సుత పిడికిలి మూసుకునే ఉంటది.
పొద్దుగాల ఎడమచేత్తోని
కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే తెరవాలె,
తుప్పు పట్టిన పెట్టె లెక్క.

డాక్టరు గోలీలిచ్చిండు.
ఫోర్‌మాన్ తిట్లిచ్చిండు.
పింగ్‌లిన్ ఏమియ్యలే.
జనరేటర్ మెకానిక్కు, చైనాల ఏదో కొండలూరు.
మేం పింగళన్నా అంటే పలుకుతడు.
నా పిడికిలి దిక్కు సూసి ఒకనాడు
తన రెండు చేతులు గాలిల తెరిచి
ఊకె నిలబడ్డడు. గంతే.
ఆయనకొచ్చిన హిందీ నాలుగు మాటలు.
నాకొచ్చిన చైనా మాట ఒక్కటి: ఛీ.
మొదట విన్ననాడు
తిడుతుండనుకొని మొఖం తిప్పుకున్న.

మోకాళ్లు జర వదులు.
చేతులు ముంగట, నిండు కాగును కావలించుకున్నట్టు.
కాగు లేదు, నీళ్లు లేవు,
బరువు మాత్రం ఉంది.
మొదటి నెలంత దోమలు, పిక్కల వణుకు,
కండ్లు మూస్తే కాంక్రీటు లారీలు.
రెండో నెలల ఓనాడు
లారీ చప్పుడు ఎప్పుడు ఆగిందో తెల్వలే.
పోటు నీళ్లు మడమల దాంక వచ్చినయి, పోయినయి.
కాగు కింద పెట్టలే.

పహరా బండి ఒకటి ఆగింది.
ఏం చేస్తున్నరన్నడు పోలీసు పిలగాడు.
"రియాదా, రియాదా" అన్న, కసరత్తని.
సూసిండు కొద్దిసేపు.
తన భుజాలు సుత రెండుసార్లు తిప్పుకొని పోయిండు.

ఉండబట్టక అడిగిన పింగళన్నను,
ఛీ అంటే ఏంది? గాలా? సత్తువా? దేవుడా?
అన్నిటికీ తల అడ్డం ఊపిండు,
ఆఖరుకు నిలువు సుత ఊపిండు.
పుల్లతోని తడి ఇసుకల గీసిండు.
లోపల ఓ గుర్తు సూపెట్టి "చావల్" అన్నడు.
దాని మీది గీతలను
చెయ్యితోని మెల్లగ పైకి, పైకి లేపిండు.
బియ్యం.
బియ్యం మీది ఆవిరి.

నాకు నవ్వొచ్చింది. ఆయనకు ఎందుకో తెల్వక నవ్విండు.
మూత తీస్తే మొఖానికి తాకే గా వెచ్చదనానికే గద
నేను పాస్‌పోర్టు చేయించింది.

చలికాలం వచ్చిన రాజహంసలు పోయినయి.
పింగళన్నను సుత కంపిని వేరే సైటుకు పంపింది,
పోయేటప్పుడు ఏం చెప్పలే, నా చెయ్యి తెరిచి సూసుకొని పోయిండు.
చిటికెనవేలు ఇంకా మొండికేస్తది.
మిగిలిన నాలుగు వింటున్నయి.
పన్నెండో అంతస్తుల, ఎండ నెత్తిమీదికొచ్చే యాల్ల,
ముడికీ ముడికీ నడుమ
ప్లయరు జేబుల పెట్టి ఓసారి అరచెయ్యి తెరుస్త.
వేళ్ల సందుల నుంచి సముద్రం దిక్కు గాలి
ఎవరినీ అడగకుంట పోతది.

ఇయ్యాల రూముకొచ్చేసరికి
లింబాద్రి పొయ్యి మీద అన్నం పెట్టిండు.
"తెచ్చినవా గాలి?"
నేను మూత తీసిన. ఆవిరి మీదికొచ్చింది.
కండ్లు మూసుకొని, "ఛీ" అన్న.
గరిటె పట్టుకొని ఉరికొచ్చిండు,
"ఏమైందిరా, మాడిందా?"